సబ్టిలిసిన్‌తో ల్యాబ్ పని: కోయించే ముందే ఆపడం నేర్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కాలేజీల్లో బయోటెక్, లైఫ్ సైన్స్ చదివే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. పాఠం ఇంగ్లీషులో వింటారు, ల్యాబ్‌లో తోటివాళ్ళతో ఒడియాలో మాట్లాడుకుంటారు. ప్రాజెక్టు టైము వచ్చేసరికి చేతిలో ఉండేది ఎంజైము డబ్బాతో వచ్చిన నాలుగు లైన్ల షీటు మాత్రమే. ఆ నాలుగు లైన్ల మధ్య చెప్పకుండా వదిలేసిన విషయాలన్నీ ఒకచోట తెలుగులో ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్తాను. సబ్టిలిసిన్ అనే ఈ ఎంజైముతో ప్రోటీన్‌ని కోయించడం కష్టం కాదు, కలిపితే చాలు, అదే కోసేస్తుంది. మీరు అనుకున్న నిమిషానికి, అనుకున్న చోట దాన్ని ఆపగలగడమే అసలు పని. చెడిపోయిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం అక్కడే చెడిపోతాయి. అందుకే ఏ ప్రయోగం మొదలుపెట్టినా "దీన్ని ఎప్పుడు ఆపుతాను, దేనితో ఆపుతాను" అన్నది నోట్‌బుక్‌లో మొదటి లైనుగా రాసుకుని, అక్కడినుంచి వెనక్కి ప్లాన్ చేసుకోండి.

ఇది ఎలాంటి ఎంజైము

సబ్టిలిసిన్‌ని బాసిల్లస్ బ్యాక్టీరియాలు తయారుచేసి బయటికి వదులుతాయి. 1947లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబొరేటరీలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్, ఒట్టెసెన్ గుడ్డు తెల్లసొనలోని ఓవల్బుమిన్ మీద పనిచేస్తున్నప్పుడు దీని సంగతి బయటపడింది. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ నుంచి వచ్చేదాన్ని సబ్టిలిసిన్ కార్ల్స్‌బర్గ్ అంటారు, బట్టల సబ్బు పొడుల్లో, పరిశ్రమల్లో వాడే ఆల్కలేజ్‌లో ముఖ్యంగా ఉండేది ఇదే. బాసిల్లస్ అమైలోలిక్విఫేసియెన్స్ నుంచి వచ్చే దాని చుట్టం పేరు బీపీఎన్ ప్రైమ్.

కార్ల్స్‌బర్గ్ రకంలో 274 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 27,000 డాల్టన్లు. ఇది సెరీన్ ప్రోటియేజ్, అంటే సెరీన్ సాయంతో ప్రోటీన్‌ని కోసే ఎంజైము. బీపీఎన్ ప్రైమ్ నంబర్ల ప్రకారం 32వ చోట ఆస్పార్టేట్, 64వ చోట హిస్టిడిన్, 221వ చోట సెరీన్ కలిసి కోతపని చేస్తాయి. ట్రిప్సిన్‌లా లైసిన్, ఆర్జినిన్ తర్వాత మాత్రమే కోసే నియమం దీనికి లేదు. ఫినైల్అలనిన్, లూసిన్, టైరోసిన్, మెథియోనిన్ లాంటి పెద్ద అమైనో ఆమ్లాల తర్వాత కొంచెం ఇష్టంగా కోస్తుంది గానీ, దారి దొరికితే ఎక్కడైనా కోస్తుంది. తనను తాను కూడా కోసుకుంటుంది.

మూడు లక్షణాలు మాత్రం ఎప్పుడూ మనసులో ఉండాలి, ఎందుకంటే ఆపే పద్ధతి మొత్తం వీటిమీదే ఆధారపడుతుంది. ఒకటి, దీనిలో సిస్టీన్ లేదు, కాబట్టి డైసల్ఫైడ్ బంధాలూ లేవు. ఆ బంధాల్ని విడదీసే డీటీటీ, మెర్కాప్టోఇథనాల్ పోస్తే ఆగిపోతుందనుకోకండి. రెండు, కాల్షియం దీని ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. కాల్షియాన్ని లాగేసుకునే ఈడీటీఏ వేస్తే వెంటనే ఆగదు, కానీ వేడిలో త్వరగా చచ్చిపోతుంది. మూడు, కోసే సెరీన్ పక్కనే 222వ చోట మెథియోనిన్ ఉంది, బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ దాన్ని ఆక్సీకరిస్తే ఎంజైము పని దాదాపు పోతుంది. సబ్బు పొడిలో బ్లీచ్‌ని తట్టుకునే రకం కావాలని 1980లలో ఆ ఒక్క చోట అమైనో ఆమ్లం మార్చి చూశారు, ప్రోటీన్ ఇంజినీరింగ్ తొలిరోజుల్లో పేరుపడ్డ పని అది.

ప్రోటీనేజ్ కే దీనికి బంధువే, కానీ అది బూజు నుంచి వచ్చింది. డీఎన్ఏ తీయడానికి దాన్నే వాడండి. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ప్రోటీన్ గుర్తుపట్టడానికైతే ట్రిప్సిన్. సబ్టిలిసిన్‌ని దానికి తగ్గ పనికే పెట్టాలి.

కొనడం, దాచడం, మట్టి జోలికి పోకపోవడం

ఫ్రీజ్ డ్రై పొడిగా కొనుక్కోవడం మంచిది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే చాలాకాలం ఉంటుంది, విశాఖ నుంచి రైల్లోనో కొరియర్‌లోనో వచ్చే ఒకరోజు ఆలస్యానికి కంగారు పడక్కర్లేదు. ద్రవరూపంలో దొరికే ఆల్కలేజ్ చవక, చేప వ్యర్థాల పనికి అదే సరిపోతుంది. కానీ అందులో ఇతర ఎంజైముల జాడలు, స్టెబిలైజర్లు ఉంటాయి కాబట్టి సున్నితమైన పనికి వద్దు.

యూనిట్లు జాగ్రత్తగా చదవండి. పొడి డబ్బా మీద సాధారణంగా మిల్లీగ్రాముకి 7–15 యూనిట్లు అని ఉంటుంది, అక్కడ యూనిట్ అంటే, పాల ప్రోటీన్ కేసీన్‌ని కోసినప్పుడు నిమిషానికి 1 మైక్రోమోల్ టైరోసిన్‌కి సమానంగా ఫోలిన్ రీఏజెంట్‌తో వచ్చే రంగు. ద్రవం సీసా మీద గ్రాముకి 2.4 ఆన్సన్ యూనిట్లు అని ఉంటుంది, అది మిల్లీమోల్ లెక్క, పైగా కేసీన్ కాదు హిమోగ్లోబిన్ మీద కొలిచింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "ద్రవం బలహీనం" అని తేల్చేస్తే తప్పవుతుంది.

కలిపిన ద్రావణాన్ని 5 మిల్లీమోలార్ కాల్షియం అసిటేట్ ఉన్న 10 మిల్లీమోలార్ సోడియం అసిటేట్‌లో, పీహెచ్ 7.5 దగ్గర చేసుకుని, ఐస్ మీద ఉంచి ఆరోజే వాడేయండి. స్టాక్ దాచాలంటే సగం గ్లిజరాల్ కలిపి చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టండి. మన వైపు ఎండాకాలంలో కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుందో మీకే తెలుసు కాబట్టి, కరెంటు కోత పడే రోజుల్లో థర్మోకోల్ పెట్టెలో ఐస్ ముందే సిద్ధంగా ఉంచుకోండి. చేపల మార్కెట్‌లో కొన్న ఐస్ అయినా ఫర్వాలేదు, ట్యూబు మూత గట్టిగా ఉంటే చాలు.

"మట్టి తెచ్చి మనమే బాసిల్లస్‌ని వేరుచేద్దాం" అనే ప్రాజెక్టు చాలా కాలేజీల్లో ఇస్తుంటారు. కోరాపుట్ జిల్లాలో మనుషులకి ఆంత్రాక్స్ సోకిన కేసులు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి, చనిపోయిన పశువుల్ని కోసి తిన్నచోట ముఖ్యంగా. ఆ రోగాన్ని తెచ్చేదీ బాసిల్లసే, దాని బీజాలు మట్టిలో ఏళ్ళతరబడి బతుకుతాయి. సరైన బయోసేఫ్టీ ఏర్పాటు లేని ల్యాబ్‌లో పశువుల దొడ్డి మట్టినో కళేబరాలు పారేసే చోటి మట్టినో పెంచడం నాకు అస్సలు ఇష్టం లేదు, మీరు కూడా ఒప్పుకోకండి. కల్చరే కావాలంటే చండీగఢ్‌లో సూక్ష్మజీవుల కల్చర్లు దాచి ఇచ్చే ఎంటీసీసీ నుంచి గుర్తింపు ఉన్న స్ట్రెయిన్ తెప్పించమని మీ గైడ్‌ని అడగండి.

ఇక పొడి గురించి. పీల్చితే అలర్జీ, ఆస్తమా వస్తాయి. 1960ల చివర్లో బ్రిటన్ సబ్బు ఫ్యాక్టరీల్లో పనివాళ్ళకి అలాగే వచ్చింది, ఆ తర్వాతే ఎంజైముని గుళికలుగా చేసి పూత వేయడం మొదలైంది. గాలిలో దీని పరిమితి ఘనపు మీటరుకి 60 నానోగ్రాములు, అంటే కంటికి కనిపించని ధూళి కూడా ఎక్కువే. ఎన్95 మాస్క్, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫ్యాన్ ఆపి తూకం వేయండి. ఒలికితే ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

బలం కొలవడం

డబ్బా మీద ఏమి రాసి ఉన్నా, మీ ల్యాబ్‌లో మీరే ఒకసారి కొలవాలి. కేసీన్, ఫోలిన్ పద్ధతికి మామూలు కలరీమీటర్ ఉన్నా సరిపోతుంది.

1. 50 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.5లో 0.65 శాతం కేసీన్ కలపండి. కలుపుతూ నెమ్మదిగా 80–85 డిగ్రీల దాకా వేడిచేసి సుమారు 10 నిమిషాలు ఉంచండి. మరగనివ్వొద్దు, మరిగితే అడుగంటి గడ్డలు కడుతుంది. చల్లారాక పీహెచ్ మళ్ళీ చూడండి.

2. ఒక్కో ట్యూబులో 5 మిల్లీలీటర్ల కేసీన్ పోసి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో 5 నిమిషాలు ఉంచండి. రాయగడలో మే నెల మధ్యాహ్నం గది వేడే 40 దాటుతుంది, అప్పుడు బాత్ 37 దగ్గర నిలబడదు. ఉదయం పూటే చేసుకోండి, లేదా బాత్‌లో ఐస్ ముక్కలు వేసి థర్మామీటర్‌తో కనిపెట్టుకుని ఉండండి.

3. మిల్లీలీటరుకి 0.1–0.2 యూనిట్లు ఉండేలా పలచన చేసిన ఎంజైము 1 మిల్లీలీటరు వేసి గడియారం మొదలుపెట్టండి. సరిగ్గా 10 నిమిషాలకి 110 మిల్లీమోలార్ టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) 5 మిల్లీలీటర్లు పోయండి. కోత ఇక్కడ ఆగుతుంది. ఎక్కువ ట్యూబులుంటే 30 సెకన్ల తేడాతో ఎంజైము వేసి, అదే వరసలో అదే తేడాతో ఆపండి.

4. బ్లాంకులో, అంటే కోత లేకుండా పోల్చుకునే ట్యూబులో, టీసీఏ ముందు, ఎంజైము తర్వాత. ఈ వరస మారితే బ్లాంకులోనే రంగు వచ్చేస్తుంది, అప్పుడు లెక్కంతా కిందకి జారిపోతుంది.

5. 37 డిగ్రీల దగ్గర ఇంకో 30 నిమిషాలు ఉంచి వడకట్టండి. వడకట్టిన ద్రవం కొంచెం కూడా మబ్బుగా ఉండకూడదు.

6. ఆ ద్రవం 2 మిల్లీలీటర్లు, 500 మిల్లీమోలార్ సోడియం కార్బొనేట్ 5 మిల్లీలీటర్లు, నాలుగు రెట్లు పలచన చేసిన ఫోలిన్ రీఏజెంట్ 1 మిల్లీలీటరు. ఇదే వరస. 37 డిగ్రీల్లో 30 నిమిషాల తర్వాత 660 నానోమీటర్ల దగ్గర చదవండి.

టైరోసిన్ స్టాండర్డ్‌కి మిల్లీలీటరులో 0.2 మిల్లీగ్రాములు ఉండే ద్రావణం చేసుకోండి. అందులోంచి 0.05, 0.1, 0.2, 0.4, 0.5 మిల్లీలీటర్లు తీసి, నీటితో 2 మిల్లీలీటర్లకి నింపి, అదే కార్బొనేట్, అదే ఫోలిన్ వేయండి. గ్రాఫ్ మీద గీత వంకర లేకుండా రాకపోతే ముందుకు పోవద్దు.

లెక్క: గ్రాఫ్ మీద వచ్చిన మైక్రోమోల్స్‌ని 11తో గుణించి 20తో భాగించండి. 11 అంటే ఆపిన తర్వాత మొత్తం ద్రవం, 20 అంటే 10 నిమిషాలు, రంగుకి తీసుకున్న 2 మిల్లీలీటర్లు. ఉదాహరణకి గ్రాఫ్ 0.25 చూపితే మిల్లీలీటరుకి 0.1375 యూనిట్లు. మీరు మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న స్టాక్‌ని 100 రెట్లు పలచన చేసి ఉంటే, స్టాక్‌లో మిల్లీగ్రాముకి 13.75 యూనిట్లు ఉన్నట్టు. 7–15 మధ్యే ఉంది, కాబట్టి డబ్బా మంచిదే.

లక్షణాలు పరీక్షించడం

ప్రాజెక్టు రిపోర్టులో అందరూ పెట్టే పీహెచ్ గ్రాఫ్, వేడి గ్రాఫ్ ఇక్కడివే. పీహెచ్ 6 నుంచి 8 దాకా ఫాస్ఫేట్, 9 నుంచి 10.5 దాకా గ్లైసిన్–సోడియం హైడ్రాక్సైడ్ బఫర్ వాడండి, ప్రతి బఫర్‌కీ దాని సొంత బ్లాంకు ఉండాలి. కేసీన్ పీహెచ్ 4.6 దగ్గర పాలు విరిగినట్టు విరిగిపోతుంది, కాబట్టి ఆమ్లం వైపు గ్రాఫ్ పడిపోతే అది ఎంజైము తప్పో కేసీన్ తప్పో చెప్పలేరు. ఆ వైపు కేసీన్‌తో పోకండి.

వేడి విషయంలో చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటి చేసేస్తారు. 10 నిమిషాల పరీక్షలో 60 డిగ్రీల దగ్గర ఎక్కువ రంగు వచ్చిందంటే ఆ 10 నిమిషాలు ఎక్కువ కోసిందని మాత్రమే అర్థం. గంటసేపు అక్కడ బతుకుతుందా అన్నది విడిగా చూడాలి. దానికి ఎంజైముని ఒంటరిగా 60 డిగ్రీల్లో పెట్టి, 0, 10, 20, 30 నిమిషాలకి కొంచెం తీసి ఐస్ మీద పెట్టి, అన్నింటినీ 37 దగ్గర కొలవండి. ఇదే పనిని కాల్షియం ఉన్న ట్యూబులో ఒకసారి, ఈడీటీఏ ఉన్న ట్యూబులో ఒకసారి చేస్తే రెండు గీతలూ ఎలా విడిపోతాయో కళ్ళారా చూస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అందమైన గ్రాఫ్ అదే. ఒక జాగ్రత్త, ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం నేరుగా పోస్తే తెల్లగా పేరుకుంటుంది, అందుకే వేడిలో ఉంచే దశకి ట్రిస్ గానీ అసిటేట్ గానీ వాడండి.

కొంచెంగా కోయించడం

నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇదే. ప్రోటీన్ గట్టిగా ముడుచుకున్న చోట సబ్టిలిసిన్ దూరలేదు, వదులుగా వేలాడే లింకుల్ని కోస్తుంది. కాబట్టి చాలా తక్కువ ఎంజైముతో, ఐస్ మీద, కొద్దిసేపు కోయిస్తే ప్రోటీన్‌లో గట్టి భాగాలు ఎక్కడున్నాయో, ముక్కల్ని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద తెలిసిపోతుంది. రిచర్డ్స్ 1950ల చివర్లో 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ ఏ ని ఇలాగే 20, 21 మధ్య కోయించి, విడిగా పనిచేయని ఆ రెండు ముక్కలూ కలిపితే మళ్ళీ పనిచేస్తాయని చూపించాడు. ఈ.కోలై డీఎన్ఏ పాలిమరేజ్ 1ని కోయిస్తే వచ్చిన పెద్ద ముక్కే క్లెనోవ్ ఫ్రాగ్మెంట్, 1970 నుంచి ల్యాబుల్లో ఆ పేరే.

మీ ప్రోటీన్ మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉండేలా, పీహెచ్ 8.0 ట్రిస్ 50 మిల్లీమోలార్, ఉప్పు 100 మిల్లీమోలార్, కాల్షియం క్లోరైడ్ 2 మిల్లీమోలార్‌లో 100 మైక్రోలీటర్లు తీసుకోండి. ప్రోటీన్ శుద్ధిచేసినప్పుడు ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ (ప్రోటియేజ్‌లని ఆపే మందుల మిశ్రమం) వేసి ఉంటే ముందు డయాలిసిస్ చేయాలి, "ఎంత వేసినా కోయట్లేదు" అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం అదే. మొదట బరువు ప్రకారం 100కి 1, 1000కి 1, 10,000కి 1 నిష్పత్తుల్లో మూడు ట్యూబులు పెట్టి ఐస్ మీద 30 నిమిషాలు చూడండి. మొత్తం మాయమైపోకుండా, రెండు మూడు స్పష్టమైన గీతలు నిలబడిన నిష్పత్తిని ఎంచుకోండి. అది 1000కి 1 అనుకుంటే, మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాము ఉన్న ఎంజైము 1 మైక్రోలీటరు చాలు.

ఎంజైము వేయడానికి ముందే ఆపే ట్యూబులు సిద్ధంగా ఉండాలి. ఇక్కడ ఆపేది పీఎంఎస్ఎఫ్, సెరీన్ ప్రోటియేజ్‌లని ఆపే మందు. దాన్ని నీళ్ళలేని ఐసోప్రొపనాల్‌లో మిల్లీలీటరుకి 17.4 మిల్లీగ్రాములు కలిపితే 100 మిల్లీమోలార్ అవుతుంది. విషం, గ్లవ్స్ తప్పనిసరి. నీళ్ళలో ఇది నిలవదు, 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5లో గంటలోపే సగం, పీహెచ్ 8లో సుమారు అరగంటకే సగం పోతుంది. పొద్దున బఫర్‌లో కలిపిన పీఎంఎస్ఎఫ్ సాయంత్రానికి పేరుకి మాత్రమే ఉంటుంది. స్టాక్‌ని ఐసోప్రొపనాల్‌తోనే 20 మిల్లీమోలార్‌కి పలచన చేసి, ఒక్కో ట్యూబులో 1 మైక్రోలీటరు వేసి, మూత పెట్టి ఐస్ మీద ఉంచండి. 2, 5, 10, 20, 40, 60 నిమిషాలకి ప్రయోగం ట్యూబులోంచి 10 మైక్రోలీటర్లు తీసి ఇందులో వేయండి. ఎంజైము వేయకముందు తీసిన 10 మైక్రోలీటర్లు సున్నా నిమిషం శాంపిల్.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటు. శాంపిల్ బఫర్ పోసి తర్వాత తీరిగ్గా వేడిచేద్దాం అనుకుంటారు. ఆ బఫర్‌లో ఉండే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌ని సబ్టిలిసిన్ కొంతసేపు తట్టుకుంటుంది. మీ ప్రోటీన్ మాత్రం ఎస్‌డీఎస్ తగలగానే విప్పుకుపోతుంది. విప్పుకున్న ప్రోటీన్, ఇంకా బతికున్న ఎంజైము ఒకే ట్యూబులో ఉంటే ఆ రెండు నిమిషాల్లోనే అంతా ముక్కలై, జెల్ మీద పొగలాంటి మరక మిగులుతుంది. కాబట్టి పీఎంఎస్ఎఫ్‌లో 5 నిమిషాలు ఐస్ మీద ఉంచి, ఆ తర్వాత ముందే వేడిచేసి పెట్టుకున్న నాలుగు రెట్ల శాంపిల్ బఫర్ 4 మైక్రోలీటర్లు వేసి, వెంటనే 95 డిగ్రీల బ్లాక్‌లో 5 నిమిషాలు పెట్టేయండి.

రెండు కంట్రోల్స్ వదలొద్దు. ఎంజైము లేకుండా 60 నిమిషాలు ఉంచిన ప్రోటీన్ ఒకటి. ఎంజైముని ముందుగా పీఎంఎస్ఎఫ్‌తో 15 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ప్రోటీన్ కలిపి 60 నిమిషాలు ఆగినది ఇంకొకటి. ఈ రెండోది కోతకి గురైందంటే మీ పీఎంఎస్ఎఫ్ చచ్చిందని అర్థం, ఆ జెల్ మీద టైము గీతల్ని నమ్మకండి.

చోళ్ళలో పీచు కొలవడం

కోరాపుట్, రాయగడ కొండల్లో పండే చోళ్ళకి 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలయ్యాక గిరాకీ పెరిగింది, పిండి ప్యాకెట్ మీద పీచు శాతం వేయాలంటే ఈ ఎంజైమే కావాలి. మొత్తం పీచు కొలిచే ఏఓఏసీ 985.29 అనే ప్రామాణిక పద్ధతిలో 1 గ్రాము పిండిని పీహెచ్ 6.0 ఫాస్ఫేట్‌లో వేడిని తట్టుకునే అమైలేజ్‌తో మరిగే నీటి బాత్‌లో ఉంచి, చల్లార్చి పీహెచ్ 7.5కి తెచ్చి, 5 మిల్లీగ్రాముల ప్రోటియేజ్‌తో 60 డిగ్రీల్లో 30 నిమిషాలు కదుపుతూ ఉంచుతారు. తర్వాత పీహెచ్ 4.0–4.6కి దించి అమైలోగ్లూకోసిడేజ్‌తో 60 డిగ్రీల్లో మరో 30 నిమిషాలు. ఇక్కడ ఆపడం ఆమ్లంతోనే జరుగుతుంది. ఆమ్లం వేయకుండా మూడో ఎంజైము పోస్తే ప్రోటియేజ్ దాన్నే తినడం మొదలుపెడుతుంది. చివర 60 డిగ్రీల 95 శాతం ఇథనాల్ నాలుగు రెట్లు పోసి, గంట ఆగి వడకట్టి, ఆరబెట్టి తూచండి. జంట శాంపిల్స్‌లో ఒకదానిలో మిగిలిన ప్రోటీన్, రెండోదానిలో 525 డిగ్రీల బూడిద కొలిచి తీసేయాలి.

చేప వ్యర్థాలు

గోపాల్‌పూర్ తీరంలో మన తెలుగు జాలర్ల దగ్గర తలలు, తోకలు ఊరికే దొరుకుతాయి. ముందు వాటిని మరిగించి చేపలోని సొంత ఎంజైముల్ని చంపి, చల్లార్చి, నీళ్ళతో రుబ్బి, 50 డిగ్రీలు, పీహెచ్ 8.0 దగ్గర ప్రోటీన్ బరువులో 1 శాతం ఆల్కలేజ్ వేయండి. కోత సాగేకొద్దీ పీహెచ్ దిగుతుంది, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ 8.0 దగ్గరే నిలపండి. ఎంత క్షారం పట్టిందన్నదే ఎంత కోత జరిగిందన్నదానికి కొలత. 20 గ్రాముల ప్రోటీన్‌కి 1 నార్మల్ క్షారం 10 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, 10ని 1.13తో గుణించి, 20తో, 8.6తో భాగించి, 100తో గుణిస్తే సుమారు 6.6 శాతం బంధాలు తెగినట్టు (1.13 ఈ పీహెచ్, వేడికి వాడే సవరణ అంకె, 8.6 ఒక గ్రాము ప్రోటీన్‌లోని బంధాల మిల్లీమోల్స్). అనుకున్న శాతం రాగానే 90 డిగ్రీలకి చేర్చి 15 నిమిషాలు ఉంచి ఆపండి. పెద్ద పాత్రలో మధ్య భాగం వేడెక్కడానికి టైము పడుతుంది కాబట్టి థర్మామీటర్ మధ్యలోనే పెట్టాలి. ఎక్కువసేపు వదిలేస్తే చేదెక్కుతుంది.

పని అయ్యాక

ఈ ఎంజైము వాడిన పిపెట్ టిప్పులు, బెంచి, జెల్ కోంబ్ పక్కవాళ్ళ యాంటీబాడీలని పాడుచేయగలవు. దీనికి వేరే ట్రే, వేరే పిపెట్ పెట్టుకోండి. సరిపడా పలచని బ్లీచ్‌తో బెంచి తడిపి 10 నిమిషాలు ఉంచి, నీళ్ళతో తుడవండి. టీసీఏ ఉన్న మిగులు ద్రవాన్ని మాత్రం బ్లీచ్ బకెట్‌లో పోయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. దానికి వేరే సీసా, మీద పేరూ తేదీ రాసి పెట్టండి.